చిత్తుప్రతి ఎవరికి చూపిస్తాం?

రీసెర్చ్ చేస్తున్న అమ్మాయిని కలిసిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎంతవరకొచ్చింది?" ఇంట్లోవాళ్లు అడుగుతారు, పక్కింటివాళ్లు అడుగుతారు, ఫెలోషిప్ కాగితాల మీద స్టాంపు వేస్తూ ఆఫీసు గుమాస్తా కూడా అడుగుతాడు. "అవుతోందండీ" అన్నది అందరికీ అలవాటైన జవాబు. ఎంత అయిందని అడుగుతారే గానీ ఏం రాస్తున్నావు, ఎక్కడ ఆగిపోయావు అని అడిగేవాళ్లు అరుదు. గైడ్ అడగాలి. చాలామంది గైడ్లు అధ్యాయం పూర్తిచేసి తెమ్మంటారు. పూర్తి కాకముందు ఆలోచన ఉండే దశ, అంటే తప్పూ ఒప్పూ కలగలిసిపోయి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలీక, రాత్రి రాసింది పొద్దున్నే కొట్టేసుకునే దశ, నాలుగైదేళ్లు సాగుతుంది. అన్నేళ్లూ ఆ ఆలోచనకి సాక్షులుండరు.

ఆ సాక్ష్యం కోసమే కొంతమంది పరిశోధక స్త్రీలు చిన్నచిన్న బృందాలుగా కూడి ఒకరి చిత్తుప్రతులు ఒకరు చదువుకుంటున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్లు ఖాళీ చేయించినప్పుడు లైబ్రరీ పోయింది, గది పోయింది, కాంటీన్లో టీ కబుర్లు పోయాయి. ఫోను మిగిలింది. రెండు రాష్ట్రాల్లో వేరువేరు యూనివర్సిటీలకి చెందిన తొమ్మిదిమందిమి శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే వంటిల్లు సర్దడం అయ్యాక, ఫోను తెరల మీద కలవడం మొదలుపెట్టాం. నా పిహెచ్‌డి అప్పటికే అయిపోయింది. మిగతావాళ్లవి ఒక్కొక్కటి ఒక్కో దశలో ఉన్నాయి. యూనివర్సిటీలు మళ్లీ తెరిచాక కూడా ఇది ఆగలేదు. చీకటి పడ్డాక గేటు దాటనివ్వని హాస్టల్లో ఉండే అమ్మాయికీ, చంటిపిల్ల తల్లికీ, డిగ్రీ కాలేజీలో గంటకింత అని పాఠాలు చెప్పుకునే ఆమెకీ కలిసి కూర్చునే చోటు ఇంకెక్కడుంది?

ఆ బృందాన్ని మెచ్చుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. అక్కడ పదేపదే ఎదురైన ఒక ప్రశ్న కోసం రాస్తున్నాను. పూర్తికాని తన ఆలోచనని తోటివాళ్ల ముందు పెట్టడం పరిశోధకురాలి బాధ్యతా? పెట్టనంటే ఆమెది స్వార్థం అనొచ్చా?

స్త్రీవాదులుగా మన దగ్గర దీనికి ఒక సిద్ధమైన జవాబుంది. జ్ఞానం సామూహికమైంది, దాచుకోవడం పోటీ సంస్కృతి నేర్పిన బుద్ధి, పంచుకోవడంలోనే సోదరీత్వం ఉంది అంటాం. దీనికి పూర్తి వ్యతిరేకమైన మాట సీనియర్ అక్కలు హాస్టల్ వరండాల్లో చెప్తారు. "నోరు జారకు, వైవా అయ్యేదాకా ఎవరికీ ఏమీ చెప్పకు." మొదటి మాట సభల్లో వినడానికి బాగుంటుంది. రెండోది సంకుచితంగా వినిపిస్తుంది. కానీ ఆ అక్కల జాగ్రత్త వెనక చాలా చరిత్ర ఉంది, దాన్ని దాటేసి సోదరీత్వం గురించి మాట్లాడటం నాకు నిజాయితీ అనిపించదు.

జోసెలిన్ బెల్ కథ మనలో చాలామందికి తెలుసు. అయినా ఈ ప్రశ్న కోసం మళ్లీ చూడాలి. ఉత్తర ఐర్లండ్ నించి కేంబ్రిడ్జికి పరిశోధనకి వచ్చిన అమ్మాయి. గైడ్ ఆంటొనీ హ్యూయిష్. రేడియో టెలిస్కోపు కట్టడానికి తోటివాళ్లతో కలిసి రెండేళ్లు సుత్తి పట్టి గుంజలు దిగ్గొట్టింది, తీగలు లాగింది. అది పనిచెయ్యడం మొదలయ్యాక రోజుకి దాదాపు 30 మీటర్ల కాగితం మీద గీతలు పడుతుండేవి. వాటిని కళ్లతో చదవడం ఆమె పని. 1967లో ఆ గీతల మధ్య, దేనికీ పోలిక లేని చిన్న గజిబిజి ఒకటి ఆమె కంటపడింది. మనుషుల యంత్రాల వల్ల వచ్చిన అంతరాయం అయ్యుంటుందని గైడ్ మొదట అనుకున్నాడు. ఆమె దాన్ని వదల్లేదు. అది పల్సార్ అని తర్వాత ప్రపంచానికి తెలిసింది. 1968 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసం మీద ఐదుగురి పేర్లున్నాయి, మొదటి పేరు హ్యూయిష్‌ది, రెండోది ఆమెది. విలేకరులు వచ్చి ఆయన్ని నక్షత్రాల గురించీ, ఆమెని ఒంటి కొలతల గురించీ, బాయ్‌ఫ్రెండ్‌ల గురించీ అడిగారు. 1974లో భౌతికశాస్త్రం నోబెల్ హ్యూయిష్‌కీ, మార్టిన్ రైల్‌కీ ఇచ్చారు.

మరీ అసాధారణమైన సందర్భాల్లో తప్ప రీసెర్చ్ విద్యార్థులకి నోబెల్ ఇస్తే ఆ బహుమతి విలువ తగ్గుతుందనీ, తనది అంత అసాధారణమైన సందర్భం అనుకోననీ 1977లో ఆమే అంది. ఈ మాటని ఔదార్యం అని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో ఒక విద్యార్థిని తన స్థానాన్ని తాను ఎంత బాగా నేర్చుకుందో కనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఆమే చాలాసార్లు చెప్పింది. కేంబ్రిడ్జి తనని పొరపాటున చేర్చుకుందనీ, ఆ సంగతి బయటపడితే పంపేస్తారనీ భయపడేదట. ఆ భయంతోనే ప్రతి గీతనీ అంత పట్టుగా చదివిందట. బయటినించి వచ్చినవాళ్లకి ఉండే భయం అది. గజిబిజిని పట్టించింది ఆ భయమే, బహుమతి అడక్కుండా చేసింది కూడా ఆ భయమే కావచ్చు. 2018లో ఆమెకి 30 లక్షల డాలర్ల బ్రేక్‌త్రూ ప్రైజ్ వస్తే, మొత్తం తీసుకెళ్లి భౌతికశాస్త్రంలో ప్రాతినిధ్యం తక్కువగా ఉన్న వర్గాల నించి వచ్చే రీసెర్చ్ విద్యార్థుల కోసం ఇచ్చేసింది. 1977లో అన్న మాట కన్నా ఈ డబ్బు ఎక్కడికి వెళ్లిందన్నదే నాకు ఆమె అసలు జవాబులా కనిపిస్తుంది.

రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో 1952లో తీసిన ఫొటోని ఆమెకి తెలియకుండానే విల్కిన్స్ వాట్సన్‌కి చూపించడం, 1958లో ముప్ఫై ఏడేళ్లకే ఆమె చనిపోవడం, 1962లో నోబెల్ ఆ ఇద్దరికీ, క్రిక్‌కీ రావడం అందరికీ తెలిసినవే. ఆ ఫొటో ఒక్కదాంతోనే డిఎన్ఏ రూపం తేలిపోయిందనుకోవడం అతిశయోక్తి అని ఇప్పటి చరిత్రకారులు అంటున్నారు. అది వేరే చర్చ. ఇక్కడ నాకు కావలసింది ఒకటే, పూర్తికాని పని యజమానురాలిని అడక్కుండా చేతులు మారింది.

ఇవి పెద్ద పేర్లు, దూరదేశాలు. దగ్గరలో ఏం జరుగుతుంది? ఒక రీసెర్చ్ స్కాలర్ బీడీలు చుట్టే ఆడవాళ్ల మీద పనిచేస్తోంది. వెయ్యి బీడీలకి ఇంత అని కూలి. రోజంతా నడుం విరిగేలా కూర్చుని చుట్టే ఆ ఆడవాళ్లే "నాదేం పని, ఇంట్ల కూసునేటిదే కద" అని ఎందుకంటారు, కూర్చుని చేసేది పని కాదన్న భావం ఎక్కడినించి వచ్చింది, అన్నది ఆమెకి తట్టిన ప్రశ్న. రెండేళ్ల తిరుగుడు తర్వాత తట్టింది. డిపార్ట్‌మెంట్ కారిడార్‌లో ఒక సీనియర్ అధ్యాపకుడు "ఏమ్మా, ఏం దొరికింది" అని అభిమానంగా అడిగితే సంబరంగా చెప్పింది. ఏడు నెలల తర్వాత ఒక జాతీయ సెమినార్లో ఆయన పత్రం సరిగ్గా ఆ ప్రశ్నతోనే మొదలైంది. ఒక్క వాక్యం కూడా ఆమెది కాదు. ఆలోచన ఆమెది. తర్వాత ఆమె తన అధ్యాయంలో అది రాస్తే, ఆయన వ్యాసాన్ని ఉదహరించలేదేమని పరిశీలకులు అడిగారు.

గ్రంథచౌర్యం మీద యుజిసి 2018లో నిబంధనలు తెచ్చింది. పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు, అక్కణ్నించి నలభై, అరవై దాకా మెట్లున్నాయి, అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మంచిదే. కానీ ఈ శాతాలు కొలిచేది మాటల పోలికని. సాఫ్ట్‌వేర్ రెండు పాఠాలని పక్కపక్కన పెట్టి చూస్తుంది. కారిడార్‌లో నోటితో చెప్పింది ఏ పాఠమూ కాదు కాబట్టి ఆ అధ్యాపకుడి పత్రానికి సున్నా శాతం వస్తుంది. ఇంగ్లీషు వాక్యాన్ని తిప్పి రాయడం రాని మొదటి తరం విద్యార్థిని మాత్రం తన థీసిస్‌లో నిర్వచనాల దగ్గరే పద్నాలుగు శాతంతో పట్టుబడుతుంది. ఎవరికి వాక్యాలు తిప్పే నేర్పుందో వాళ్లకి ఈ నిబంధన పెద్దగా తగలదు.

ఆలోచనలు గాలిలాంటివి, అవి ఎవరి సొత్తూ కావు, ఆస్తిహక్కుని విమర్శించే మనమే ఆలోచన మీద హక్కు ఎలా అడుగుతాం అని మా బృందంలో ఒకామె గట్టిగా వాదించింది. ఆమె వాదనలో బలం ఉంది. కానీ ఈ నీళ్లు ఏ చెరువు నించి వచ్చాయో చెప్పమనడం, చెరువు నాదనడం ఒకటి కాదు. మొదటిది ఆనవాలు అడగడం. ఆస్తి లేని సమాజంలో కూడా ఆనవాలు కావాలి. లేకపోతే జ్ఞానం ఎవరి నించి ఎవరికి చేరిందో ఎవరికీ తెలీదు, అలా తెలియకుండా పోయినప్పుడల్లా పోయేది ఎవరి పేర్లో మనకి అనుభవమే.

ఇంతవరకూ దొంగతనం గురించి. చిత్తుప్రతి చూపించలేకపోవడానికి ఇంకో కారణం ఉంది, దాని గురించి మనం చాలా తక్కువ మాట్లాడతాం. మా బృందంలో ఒకమ్మాయి మొదటి ఆర్నెల్లు ఒక్క పేజీ పెట్టలేదు. దళిత కుటుంబం, ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి, డిగ్రీ దాకా తెలుగు మీడియం. అందరి పేజీలూ చదివేది, మంచి ప్రశ్నలు అడిగేది. తనవి పెట్టమంటే నవ్వేది. ఒకరోజు ఎవరో మరీ బలవంతపెడితే అంది: "అక్కా, మీ చిత్తు చిత్తులా ఉంటది. నా చిత్తు తప్పులా ఉంటది."

తర్వాత చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. నాన్న ప్రొఫెసర్, అమ్మ టీచర్ అయిన ఇంట్లోంచి వచ్చిన అమ్మాయి సగం వాక్యం రాసి చుక్కలు పెడితే చదివేవాళ్లు ఆ చుక్కల్లో లోతు చూస్తారు. ఆలోచిస్తోంది అంటారు. అదే చుక్కలు ఈ అమ్మాయి పెడితే రాయడం రాదంటారు. రిజర్వేషన్లో వచ్చిందిగా అని వెనకనించి ఇంకో మాట కూడా వస్తుంది. తడబడటానికి కూడా ఒక హోదా ఉండాలి. అసంపూర్ణతని పొగుడుతూ, పగుళ్లు చూపించాలని, బలహీనతని దాచుకోవద్దని మనం రాసే స్త్రీవాద వ్యాసాలన్నీ ఈ సంగతిని పట్టించుకోకుండానే రాస్తున్నాం. ఎవరి బలహీనత అందంగా కనిపిస్తుంది, ఎవరి బలహీనత రుజువుగా మారుతుంది అని అడగకుండా అందరూ ఒకేలా బయటపడాలని కోరడం న్యాయం కాదు. అందుకే దాచుకునే హక్కు లేని చోట పంచుకోమని అడిగే హక్కు కూడా ఎవరికీ ఉండదని నేననుకుంటాను.

దీనికి మేం చేసిందేమీ ఘనమైంది కాదు. వరస మార్చాం. ఉద్యోగాలున్నవాళ్లం, డిగ్రీ చేతికొచ్చినవాళ్లం ముందు మా పేజీలు పెట్టడం మొదలుపెట్టాం. సాపు చేసినవి కావు, నిజంగా చిత్తువే. పత్రికలు తిప్పి పంపిన వ్యాసాలూ, వాటితో పాటు వచ్చిన పరిశీలకుల చేదు మాటలూ పెట్టాం. పోగొట్టుకునేది తక్కువున్నవాళ్లు ముందు నడవాలి కదా. ఏ భాషలోనైనా రాయొచ్చు, తెలుగులో రాసి ఇంగ్లీషులో మాట్లాడొచ్చు, రెండూ కలిపెయ్యొచ్చు. పేజీలు బృందం దాటి బయటికి పంపకూడదు, గైడ్లకి అసలే పంపకూడదు. ఆ అమ్మాయి తొమ్మిదో నెలలో ఒకటిన్నర పేజీ పెట్టింది. అది ఎంత బాగుందో ఇక్కడ రాస్తే మళ్లీ అదే తప్పుడు కొలబద్ద తెచ్చినట్టవుతుంది, కాబట్టి రాయను.

ఇంకో తగువు కూడా వచ్చింది. చంటిపిల్ల తల్లి కెమెరా కట్టేసి, మైకు కట్టేసి వింటూ ఉండేది. నెలల తరబడి ఒక్క పేజీ పెట్టలేదు, ఎవరి పేజీ మీదా రెండు మాటలకి మించి అనలేదు. ఇది సమానం కాదు, మేం చదివి చదివి అలిసిపోతున్నాం, ఆమె తీసుకుంటోందే గానీ ఇవ్వడం లేదు అని ఒకామె అంది. అన్యాయమైన మాటేమీ కాదు. చిత్తుప్రతి చదవడం నిజంగా శ్రమ, సాపు ప్రతి కన్నా మూడురెట్లు శ్రమ. మనం ప్రేమ అని పేరు పెట్టి ఆడవాళ్ల దగ్గర ఉచితంగా తీసుకునే పనుల జాబితాలో ఇదీ ఒకటి కాకూడదు.

అప్పుడొకరు వాయనం మాట తెచ్చారు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. ఇచ్చేటప్పుడు లెక్క చూసుకోం కదా అని. నాకా పోలిక నచ్చలేదు. వాయనం ఎవరికిస్తారు? పసుపుకుంకాలున్న ముత్తైదువకి, అదీ ఇంటికి పిలవదగిన కులంలో ముత్తైదువకి. లెక్క లేనట్టు కనిపించడానికి కారణం అనర్హులని గుమ్మం బయటే ఏరేయడం. మా చిత్తు రాయని అమ్మాయే ఇంకో మాట తెచ్చింది, బదులు. వాళ్లమ్మ నాట్లప్పుడు, కలుపులప్పుడు ఒకరి చేనుకి ఒకరు బదులు పోయేదట. ఇవాళ నీ చేన్లో నేను దిగితే రేపు నా చేన్లో నువ్వు. లెక్క ఉంటుంది, గట్టిగా ఉంటుంది, ఎన్ని పూటలో నోటికి చెప్తారు. కానీ ఆ లెక్క ఈ వారమే తీరాలని లేదు. నెలలు నిండిన మనిషిని ఎవరూ వంగమనరు. ఆమె బాకీ వచ్చే పంటకి వెళ్తుంది, లేదా ఆమె తరఫున చెల్లెలు దిగుతుంది. బాకీ ఉందని ఆమెకీ తెలుసు, ఊరికీ తెలుసు, అది సిగ్గుపడే విషయం కాదు.

వాయనంలో ఇచ్చినవాళ్లకి పుణ్యం, బదులులో ఇచ్చినవాళ్లకి హక్కు. ఈ తేడా నాకు చాలా విలువైందిగా తోచింది. మేము సమాజం, సమూహం అని పెద్దపెద్ద మాటలు వాడతాం గానీ, బాకీపడినా తలెత్తుకు తిరగగలిగే చోటు ఉందా లేదా అన్నదే పరీక్ష. చంటిపిల్ల తల్లి బాకీ రాసుకున్నాం. అన్యాయమని గొడవపడినామె పేజీలకే ఆమె మొదటి బదులు పోయింది, ఏడాదిన్నర తర్వాత, పాప బడికి వెళ్లాక.

ఇక మెచ్చుకోళ్ల గురించి. మొదట్లో ప్రతి పేజీకీ "చాలా బాగుంది" అనేవాళ్లం. ఆడవాళ్ల బృందం మృదువుగా ఉండాలని మనకో ఊహ. యూనివర్సిటీ సెమినార్లలో అవమానాలు పడి వచ్చాం కాబట్టి ఇక్కడైనా ఓదార్పు ఉండాలన్న కోరిక సహజం. కానీ చాలా బాగుంది అనేది చదవకుండా అనగలిగే మాట. ఒకరి వాదన మూడో పేజీలో కూలిపోయిందని చెప్పకుండా నవ్వి ఊరుకుంటే, ఆ సంగతి వైవాలో పరాయివాడు చెప్తాడు, ఇంకాస్త కఠినంగా, అందరి ముందూ.

సామూహికత గురించి మాట్లాడేటప్పుడు మనకి గుర్తొచ్చేది 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పుకున్న చరిత్ర, స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చింది. పుస్తకం సంఘటన పేరుతోనే వచ్చింది. వెనక చాలామంది శ్రమ ఉంది. మాట్లాడిన స్త్రీల పేర్లు వాళ్ల మాటల దగ్గరే ఉన్నాయి. మౌఖిక చరిత్ర ఎలా రాయాలో అది చాలామందికి నేర్పింది. మా వాళ్లు కొందరు మేమూ అలా ఒకే పేరుతో రాద్దాం అన్నారు. ఆశగానే అన్నారు. కానీ ఉద్యమం కోసం పనిచేస్తూ పేరు వదులుకోవడం వేరు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాల్సిన అమ్మాయి పేరు వదులుకోవడం వేరు. థీసిస్ ఇచ్చేముందు ఒక పరిశోధనా వ్యాసమైనా అచ్చవ్వాలన్న యుజిసి నిబంధన 2022లో పోయింది గానీ, ఇంటర్వ్యూలో వ్యాసాలు లెక్కపెట్టడం పోలేదు. పేరు లేని వ్యాసానికి మార్కులుండవు. పేరు ఉన్నవాళ్లు పేరు వదులుకోవడం త్యాగం. ఇంకా పేరే రానివాళ్లని వదులుకోమనడం ఏమిటి?

అందుకని పేర్లు ఉండాలనుకున్నాం. ఎక్కడ ఉండాలన్నది ఇంకో చర్చ. పుస్తకాల ముందుమాటల్లో కృతజ్ఞతల పేజీ ఒకటుంటుంది. 2017లో ట్విటర్‌లో "థ్యాంక్స్ ఫర్ టైపింగ్" అనే మాటతో పాత విద్యాగ్రంథాల కృతజ్ఞతల పేజీలు చాలా బయటికొచ్చాయి. రాతప్రతి మొత్తం టైపు చేసిన, దిద్దిన భార్యలు, అనేకచోట్ల పేరు కూడా లేకుండా "నా భార్యకి" అన్న ఒక్క మాటలో. తెలుగు పుస్తకాల్లోనూ "నా రచనకి అన్నివిధాలా సహకరించిన నా అర్ధాంగి" మనకి కొత్తేం కాదు. కృతజ్ఞతల పేజీ ఆడవాళ్ల శ్రమని గౌరవంగా పాతిపెట్టే చోటు. అక్కడ పేరుంటే మంచితనానికి ఉన్నట్టు. ఫుట్‌నోట్లో ఉంటే ఆలోచనకి ఉన్నట్టు. కాబట్టి ధైర్యం చెప్పినందుకైతే కృతజ్ఞతల్లో రాద్దాం, ఆలోచన ఇచ్చినందుకైతే ఆ పేజీలోనే ఫుట్‌నోట్లో రాద్దాం అనుకున్నాం.

అనుకున్నంత తేలిక కాలేదు. బీడీల మీద పనిచేస్తున్నామె థీసిస్‌లో నాలుగో అధ్యాయానికి ఆధారమైన మాట ఎవరు అన్నారో ఎవరికీ గుర్తులేదు. ఐదుగురం ఉన్నాం ఆ రాత్రి. ఒకరు సగం అన్నారు, ఇంకొకరు కాదన్నారు, కాదన్నదాంట్లోంచే మూడో మాట వచ్చింది. తనది కాదని ఐదుగురిలో ఎవరికి వాళ్లే అంటారు. చివరికి ఆమె ఫుట్‌నోట్లో ఆ శనివారం తేదీ వేసి, ఆ రోజు మాట్లాడుకున్న ఐదుగురి పేర్లూ అక్షరక్రమంలో రాసింది. గైడ్ అధ్యాయం మొత్తం ఆమోదించి, ఆ ఫుట్‌నోట్ చుట్టూ మాత్రం పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన "ఏ పద్ధతి ప్రకారం?" అని రాసి తిప్పి పంపారు. ఏ పద్ధతి పుస్తకంలోనూ అది లేదు. ఏం జవాబు రాయాలో వచ్చే శనివారం కూర్చుంటున్నాం.